ఎకరం పార్కును ఏడాది పొడవునా కాపాడుకోవడం ఎలా? మున్సిపల్ సిబ్బందికి, కాలనీ సంఘాలకు సమగ్ర మార్గదర్శి

పార్కు నిర్వహణ అనగానే గడ్డి, పూలమొక్కలే ముందు గుర్తొస్తాయి. కానీ పార్కులో మనిషి ప్రాణం తీయగలిగేవి మూడున్నాయి: వానకు తడిసిన కరెంటు స్తంభం, స్తంభాల మొదట్లో తుప్పుపట్టిన ఊయల, ఎండిపోయి వేలాడుతున్న పెద్ద కొమ్మ. అందుకే ఇక్కడ పనుల వరుస అలాగే పెట్టాం. ముందు ప్రమాదాలు, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే పచ్చదనం. చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు కూడా ఈ వరుస తప్పకండి. లెక్కలన్నీ ఒక ఎకరం, అంటే 4,840 చదరపు గజాల కాలనీ పార్కును దృష్టిలో పెట్టుకుని ఇచ్చినవి.

మొదటి మెట్టు: పార్కును కాగితం మీదికి ఎక్కించండి

లేఅవుట్ నకలు తెచ్చుకుని నాలుగు హద్దులూ టేపుతో కొలవండి. పక్కింటి వాళ్లు పార్కు వైపు పెట్టుకున్న గేటు, మెట్లు, ఇసుక కుప్ప, కారు షెడ్డు లాంటివి ఉంటే ఫొటో తీసి తేదీతో సహా మున్సిపాలిటీ పట్టణ ప్రణాళిక విభాగానికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఆక్రమణ అడుగుతో మొదలవుతుంది, గది కట్టాక తీయించడం ఏళ్ల పని. సర్వే నంబరు, విస్తీర్ణం రాసిన బోర్డు గేటు దగ్గర ఉండాలి.

తర్వాత పార్కులో ఉన్న ప్రతి వస్తువుకూ ఒక నంబరు ఇవ్వండి. దీపస్తంభం, బెంచీ, ఊయల, జిమ్ పరికరం, వాల్వు, పెద్ద చెట్టు, ఏదీ వదలొద్దు. చెట్లకు నంబరు పెయింటుతో వేయాలి, మేకు కొట్టకూడదు. రిజిస్టరులో ఒక్కో నంబరుకు ఒక్కో పేజీ కేటాయించి, పెట్టిన సంవత్సరం, చేసిన మరమ్మతు, తేదీ, ఖర్చు రాయండి. ఒకే జిమ్ పరికరం ఏడాదిలో నాలుగుసార్లు విరిగితే ఆ పేజీ చూడగానే తెలుస్తుంది. అప్పుడు మళ్లీ బాగుచేయించాలా, తీసేయాలా అన్నది తేలికగా తేల్చుకోవచ్చు.

కేబుళ్లు, పైపులు ఎక్కడెక్కడ పోయాయో గోడ నుంచి ఎన్ని అడుగుల దూరమో కొలిచి పటం గీయండి. మొక్కలు నాటేందుకు గుంతలు తవ్వే రోజున గడ్డపార కేబులుకు తగలకుండా కాపాడేది ఆ పటమే.

రెండో మెట్టు: కరెంటు

పార్కు దీపాల్లో పెద్ద లోపం స్తంభం కింది భాగంలో ఉండే జంక్షన్ పెట్టె. నేలకు అడుగు ఎత్తులో ఉంటుంది, మూత పోతుంది, దారం కట్టో టేపు చుట్టో వదిలేస్తారు. వాన నీళ్లు ఆ ఎత్తుకు చేరితే ఇనుప స్తంభమంతా కరెంటే. మూతకు టేపు ప్రత్యామ్నాయం కాదు. రబ్బరు వాషరుతో, స్క్రూతో బిగించే మూత వేయించండి. కొత్తగా స్తంభాలు వేస్తుంటే పెట్టె 3 అడుగుల ఎత్తులో ఉండాలని టెండరులోనే రాయండి.

దీపాల లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. కరెంటు లీకైతే వెంటనే పడిపోయి సరఫరా ఆపే స్విచ్ ఇది. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కాలి. వెంటనే పడిపోవాలి, పడకపోతే అదే రోజు మార్చాలి. వానాకాలంలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇది: ఎక్కడో ఒక స్తంభంలో తేమ చేరి ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతుంది, పార్కు చీకటవుతుంది, ఫిర్యాదులు వస్తాయి, ఎలక్ట్రీషియన్ దాన్ని తప్పించి డైరెక్టు ఇచ్చేస్తాడు. దీపాలు వెలుగుతాయి కానీ రక్షణ పోయింది. అలా జరగకుండా ఉండాలంటే పార్కు మొత్తానికి ఒకే ఆర్‌సీసీబీ పెట్టకండి. నాలుగైదు స్తంభాలకొకటి చొప్పున విడదీయండి. లోపమున్న వరుస ఒక్కటే ఆగుతుంది, మిగతా పార్కు వెలుగుతుంది, తప్పించాలన్న ఒత్తిడే ఉండదు.

మే నెలాఖరులో, వానలకు ముందే, ప్రతి కేబులునూ మెగ్గరుతో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే పరికరం) పరీక్షించాలి. 1 మెగాఓమ్ కంటే తక్కువ వస్తే కేబులో జాయింటో పాడైనట్టే. ఎర్త్ గుంతల నిరోధం 5 ఓమ్‌ల లోపు ఉండాలి, వేసవిలో వాటికి నీళ్లు పోయడం మరవద్దు. కేబులు రెండున్నర అడుగుల లోతున, పైన ఇటుకల వరుసతో ఉండాలి.

వినాయక చవితికి, బతుకమ్మకు సీరియల్ దీపాలు స్తంభం పెట్టెలోంచి లాగడం మన దగ్గర మామూలు. వద్దంటే ఆగదు. పండగల కోసమే గేటు దగ్గర తాళం వేసుకునే సాకెట్ బోర్డు ఒకటి, దానికి వేరే ఆర్‌సీసీబీ పెట్టించండి. ఎవరికీ స్తంభం తెరవాల్సిన పని ఉండదు.

మూడో మెట్టు: పిల్లల ఆటస్థలం

పిల్లలు పడతారు. పడ్డప్పుడు కింద ఏముందన్నదే దెబ్బ ఎంతన్నది తేలుస్తుంది. ఊయల, జారుడుబల్ల కింద సిమెంటు, టైల్స్, గట్టిపడ్డ మట్టి ఉండకూడదు. గడ్డి కూడా చాలదు, నెల తిరిగేసరికి అరిగి నేల తేలుతుంది. కడిగిన నది ఇసుక 12 అంగుళాల మందాన ఉండాలి. ఇటుకపొడి, క్వారీ డస్టు తడిసి గట్టిపడతాయి కాబట్టి పనికిరావు.

ఎంత మేర పోయాలంటే, ఊయల గొలుసు వేలాడే పైకడ్డీ ఎత్తుకు ముందు రెండింతలు, వెనక రెండింతలు. కడ్డీ 8 అడుగుల ఎత్తులో ఉంటే ముందు 16, వెనక 16, మొత్తం 32 అడుగుల పొడవు. చట్రం వెడల్పు 10 అడుగులైతే 320 ఘనపుటడుగుల ఇసుక. మన పార్కుల్లో చాలాచోట్ల ఊయలకు ఎదురుగా ఆరడుగుల్లో బెంచీయో గోడో ఉంటుంది. స్థలం లేకపోతే ఊయల ఎత్తు తగ్గించండి, 6 అడుగుల కడ్డీకి అటూ ఇటూ 12 అడుగులు సరిపోతుంది. ఒక చట్రానికి రెండు పీటలకు మించి వద్దు, మూడోది పెడితే నడిమి పిల్లకు పక్క నుంచి తగులుతుంది. పీట రబ్బరుది కావాలి. ఇనుప, చెక్క పీటలు ముందు నుంచి నడిచే చిన్నపిల్లల తలకు తగులుతాయి.

రోజూ ఉదయం గేటు తీశాక పావుగంట ఇక్కడ కేటాయించండి. ఇసుకను దంతెతో కదిపి గాజు పెంకులు, కుక్కల మలం తీసేయాలి. ఊయల కింద, జారుడుబల్ల చివర పడిన గుంటల్లోకి చుట్టూ ఉన్న ఇసుక లాగాలి. వారానికోసారి చేతితో, కంటితో ఇంకా లోతుగా చూడాల్సినవి ఇవి:

– గొలుసు కొక్కేలు. కొక్కెం నోరు తెరుచుకుందా, గొలుసు కడియాలు ఒకదానికొకటి రాసుకునే చోట అరిగాయా? మందంలో పావు వంతు పోతే గొలుసంతా మార్చాలి, ఒక్క కడియం తీసి తీగతో కట్టకూడదు.

– స్తంభం నేలలోకి దిగే చోటు. తుప్పు ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది. చిన్న సుత్తితో తట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, లోపల తిన్నది మొద్దుగా పలుకుతుంది. పైన పెయింటు నున్నగా ఉందని నమ్మకండి. సిమెంటు దిమ్మె నేల కంటే రెండంగుళాలు పైకి, నాలుగు వైపులా వాలుగా ఉంటే నీళ్లు నిలవవు. కొత్తవి వేసేటప్పుడు ఇది చూసుకుంటే స్తంభం ఆయుష్షు ఎంతో పెరుగుతుంది.

– సందులు. మూడున్నర అంగుళాల నుంచి 9 అంగుళాల మధ్య ఉండే ఏ సందులోనైనా పిల్లల ఒళ్లు దూరి తల ఇరుక్కుంటుంది. నిచ్చెన మెట్ల మధ్య, పిట్టగోడ కడ్డీల మధ్య స్కేలు పెట్టి కొలవండి.

– పొడుచుకొచ్చిన బోల్టులు. చున్నీ, చొక్కా దారం చిక్కుకుంటాయి. టోపీ నట్లు బిగించండి.

– ప్లాస్టిక్ జారుడుబల్ల అంచులు. ఎండకు తెల్లగా పొడి రాలుతుంటే దాని పని అయిపోవచ్చినట్టే. పగులు వేలికి తగిలితే మూసేయండి.

ఇనుప జారుడుబల్ల అయితే మే నెలలో సాయంత్రం ఐదింటికి కూడా కాలుతుంది. ఉత్తరం వైపు జారేలా గానీ, కానుగ చెట్టు నీడలో గానీ బిగించాలి.

ఏదైనా పాడైతే అదే రోజు వాడకం ఆపాలి. ఊయలైతే గొలుసులు విప్పి గదిలో పెట్టేయండి. ‘పాడైనది’ అని చీటీ కడితే పిల్లలు ఆగరు.

ఓపెన్ జిమ్‌లో ఎక్కువగా పోయేది రెండు కాళ్లూ ముందుకీ వెనక్కీ ఊపే ఎయిర్ వాకర్. పిల్లలు దాన్ని ఊయలగా వాడతారు, బేరింగులు, రబ్బరు అడ్డాలు అరిగి ఇనుము ఇనుముకు కొట్టుకుంటుంది, ఆ తర్వాత వెల్డింగు విడుతుంది. నెలకోసారి గ్రీజు పెట్టి, ఫౌండేషన్ బోల్టులు బిగించి, రబ్బరు అడ్డాలు మార్చండి. జిమ్‌ను ఆటస్థలానికి దూరంగా పెట్టడం అన్నిటికన్నా మేలైన మరమ్మతు.

నాలుగో మెట్టు: చెట్లు

ఆకు రాలే ఫిబ్రవరి, మార్చిలో చెట్టు నిర్మాణం బాగా కనిపిస్తుంది. ఏప్రిల్, మే ఈదురుగాలులకు ముందు చెట్లన్నీ ఒకసారి తిరిగి చూడండి. మొదట్లో పుట్టగొడుగులు, కాండంలో తొర్ర, రెండు పెద్ద కొమ్మలు ఇరుకుగా కలిసిన చోట నిలువు చీలిక, ఒకవైపు నేల ఉబ్బడం, పైకొమ్మలు ఎండటం, ఇవీ గుర్తులు. తురాయి, పచ్చతురాయి, నిద్రగన్నేరు గాలికి తేలిగ్గా విరుగుతాయి, వాటిని ముందు చూడండి. కోస్తాలో రెండోసారి, సెప్టెంబరులో కూడా చూడాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖలో ఎన్ని చెట్లను పడగొట్టిందో తెలిసిందే.

పెద్ద కొమ్మను మూడు కోతల్లో తీయాలి. కాండం నుంచి అడుగు దూరంలో కింది వైపు నుంచి మూడో వంతు మందం వరకు మొదటి కోత. దానికి రెండంగుళాలు అవతల, కొమ్మ చివరి వైపు, పై నుంచి రెండో కోత. కొమ్మ పడిపోతుంది, బెరడు చీలదు. మిగిలిన మోడును కాండం దగ్గర ఉబ్బెత్తుగా ఉండే మెడకు ఆనుకుని బయట కోయాలి. మెడను కోసేస్తే గాయం మూసుకోదు, మోడు వదిలితే కుళ్లు కాండంలోకి పాకుతుంది. కోతకు తారు, పెయింటు పూయక్కర్లేదు. వైర్ల దగ్గర పనైతే లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైనులో కరెంటు ఆపించడం) తీసుకున్నాకే నిచ్చెన వేయండి. తలనరికి మొండెం వదిలే అలవాటు మానాలి, దానికి వచ్చే కొత్త చిగుళ్లు బలహీనంగా పట్టుకుని రెండేళ్లలో మళ్లీ విరుగుతాయి.

చెట్టునే కొట్టాల్సి వస్తే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకోవాలి. వేపచెట్లు చిగుళ్ల నుంచి మాడిపోతుంటే చచ్చిపోయాయనుకుని కొట్టేయకండి. ఎండుకొమ్మ తెగులు వచ్చిన వేపలు చాలావరకు మళ్లీ చిగురిస్తాయి. ఎండిన పుల్లలు తీసి, నీళ్లు పోసి, ఒక వేసవి ఆగి చూడండి.

కొత్తగా నాటేందుకు వేప, కానుగ, పొగడ, రేల, నేరేడు మన నేలకు సరిపోతాయి. కోనోకార్పస్ వద్దు, వేర్లు పైపుల్లోకి పోతాయి. రావి, మర్రి గొప్ప చెట్లే, కానీ గోడకు, ట్రాకుకు 30 అడుగుల లోపు నాటకండి. చెట్టు చుట్టూ మూడడుగుల మేర సిమెంటు పోయకూడదు. ట్రీ గార్డు కాండానికి ఆనే లోపే తీసేయాలి, లేకపోతే ఇనుము బెరడులోకి దిగుతుంది.

ఐదో మెట్టు: నీళ్ల లెక్క

పార్కులో ఎంత పచ్చిక ఉండాలో బోరు చెబుతుంది. ఏప్రిల్‌లో, నీళ్లు అడుగంటే రోజుల్లో, బోరును పరీక్షించండి. 20 లీటర్ల బకెట్టు 24 సెకన్లలో నిండితే నిమిషానికి 50 లీటర్లు. పచ్చిక 1,500 చదరపు మీటర్లుంటే మండు వేసవిలో రోజుకు 5 మిల్లీమీటర్లు, అంటే 7,500 లీటర్లు కావాలి. ఆ బోరు రెండున్నర గంటలు ఆగకుండా పోయాలి. మధ్యలో ఆగి ఆగి పోస్తుంటే పచ్చిక తగ్గించుకోవడమే మార్గం. వేసవిలో ట్యాంకర్లతో పచ్చికను బతికించడం డబ్బును ఎండలో పోసినట్టే. ఆ డబ్బుతో చెట్లకు నీళ్లు పెట్టండి, గరిక ఎండినా తొలకరికి మళ్లీ లేస్తుంది.

రోజూ పైపైన చిలకరించే కన్నా రోజు విడిచి రోజు బాగా తడపడం మంచిది. నీళ్లు పెట్టిన గంట తర్వాత స్క్రూడ్రైవరు గుచ్చితే 4 అంగుళాలు సులువుగా దిగాలి. ఉదయం ఆరు లోపు పూర్తయితే నీళ్లు ఆవిరి కావు, నడిచేవాళ్లకు అడ్డం ఉండదు.

రెండేళ్ల లోపు మొక్కకు వేసవిలో వారానికి రెండుసార్లు 30 లీటర్లు. గంటకు 8 లీటర్లిచ్చే డ్రిప్పర్లు రెండు పెట్టి రెండు గంటలు వదిలితే 32 లీటర్లు అందుతాయి. మొక్క పెరిగేకొద్దీ డ్రిప్పరును మొదలుకు దూరం జరపాలి, కాండానికి ఆనించి ఉంచితే మొదలు కుళ్లుతుంది. ఫిల్టరు వారానికోసారి కడగండి, పక్షానికోసారి పైపు చివరి మూతలు తీసి నీళ్లు వదలండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే డ్రిప్పరు నోటి దగ్గర తెల్లని పొక్కు కడుతుంది, డ్రిప్పు పనిచేయట్లేదనుకుని పీకేసేది చాలాసార్లు ఇందుకే.

శుద్ధి చేసిన మురుగునీరు దొరికితే చెట్లకు, హెడ్జీలకు (కంచె మొక్కలకు) వాడుకోవచ్చు. స్ప్రింక్లరుతో మాత్రం చల్లకండి, పిల్లలు ఆడే పచ్చికకు అసలే వద్దు. ఆ పైపులకు వేరే రంగు వేసి, కుళాయి దగ్గర ‘తాగరాదు’ అని రాయాలి.

పార్కులో పల్లపు మూల ఇంకుడు గుంతకు సరైన చోటు. అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఆపైన దొడ్డు ఇసుక, పై అడుగు ఖాళీ. ఏటా మే నెలలో పైపొర ఇసుక తీసి బురద కడిగి వేయాలి. ఈ ఒక్క పని మానేస్తే మూడో ఏటికి అది దోమల గుంటే.

ఆరో మెట్టు: పచ్చిక, కలుపు

ఒక కోతలో ఆకు పొడవులో మూడో వంతుకు మించి తీయకండి. గరిక అంగుళంన్నర ఎత్తున ఉంటే చాలు, ఏప్రిల్, మేలో రెండంగుళాలు ఉంచండి. వానాకాలంలో 7 నుంచి 10 రోజులకోసారి, చలికాలంలో 20 రోజులకోసారి కోత. కోసిన మర్నాడు కొసలు తెల్లబడితే బ్లేడు మొద్దుబారింది.

జనం నడిచి గట్టిపడ్డ చోట నాలుగంగుళాల లోతున ముళ్లపారతో పొడిచి, ఇసుక, ఆకు ఎరువు కలిపి చల్లండి. జూన్ ఇందుకు మంచి సమయం. యూరియా చదరపు మీటరుకు 10 గ్రాములు, తడినేల మీద చల్లి వెంటనే నీళ్లు పెట్టాలి, లేదంటే మచ్చలుగా మాడుతుంది. దట్టమైన చెట్టు కింద గడ్డి బతకదు. ఏటా డబ్బు పోసి పరచడం ఆపి, ఆకులు పరిచి నాలుగు బెంచీలు వేయండి.

తుంగను పైన కోస్తే గడ్డల నుంచి మరింతగా లేస్తుంది. వాన పడ్డాక నేల మెత్తగా ఉన్నప్పుడు గడ్డతో సహా తవ్వి తీయాలి, అది కూడా వరసగా రెండు మూడు సీజన్లు. వయ్యారిభామను పూత రాకముందే, చేతికి తొడుగులు వేసుకుని, వేళ్లతో పీకాలి. పూశాక పీకితే గింజలు మనమే చల్లినట్టవుతుంది, దాని పుప్పొడి ఉబ్బసం, చర్మపు దురద తెస్తుంది.

ఏడో మెట్టు: నడకదారి

ఆరడుగుల దారికి ఒకవైపు అంగుళంన్నర వాలు ఉంటే నీళ్లు నిలవవు. పేవర్ టైల్స్ కుంగేది కింది పొర గట్టిగా కుదించకపోవడం వల్ల, అంచు రాళ్లు కదలడం వల్ల. పైన సిమెంటు పూస్తే నెల కూడా ఆగదు. కుంగిన చోటు కన్నా రెండడుగులు ఎక్కువ మేర విప్పి, మొరం వేసి కుదించి, రెండంగుళాల ఇసుక పరిచి మళ్లీ పేర్చి, అంచు రాయి బిగించండి. నల్లరేగడి నేలైతే వేసవిలో నెర్రెలిచ్చి వానకు ఉబ్బుతుంది, కింద కనీసం అడుగున్నర రేగడి తీసి మొరం నింపకుండా ట్రాకు వేస్తే మొదటి ఏడే పగుళ్లు. వానాకాలంలో పాచి పట్టిన చోట బ్రష్షుతో రుద్ది కడగాలి. పెద్దవాళ్లు జారిపడేది అక్కడే.

ఎనిమిదో మెట్టు: ఆకులు, దోమలు, మరుగుదొడ్లు

ఆకులు తగలబెట్టడం నిషేధం, పైగా ఎరువు పోగొట్టుకోవడం. 10 అడుగుల పొడవు, 4 వెడల్పు, 3 లోతున రెండు గుంతలు చాలు. 9 అంగుళాల ఆకు, దానిపై 20 లీటర్ల నీళ్లలో 5 కిలోల పేడ కలిపిన ద్రావణం, పలచగా మట్టి, ఇలా పొరలు. పక్షానికోసారి తిరగేయండి. పిడికిట పిండితే తడి తగలాలి, నీళ్లు కారకూడదు. కంపు కొడితే తడి ఎక్కువైంది, వెచ్చబడకపోతే పొడిబారింది లేదా పేడ చాలలేదు. మూడు నాలుగు నెలల్లో ఎరువవుతుంది. బాదం లాంటి దళసరి ఆకులను ముక్కలు చేసి వేయాలి.

దోమ గుడ్డు నుంచి ఎగిరే దాకా వారం పది రోజులే, కాబట్టి వారానికో రోజు డ్రైడే, అంటే నిలవనీళ్లన్నీ పారబోసే రోజు. ఆగిపోయిన ఫౌంటెన్, పూలకుండీ పళ్లెం, చెట్టు తొర్ర, వాల్వు గుంత అన్నీ చూడాలి. నిలవనీరు తీయలేని చోట గంబూసియా చేపలు వదలండి. మరుగుదొడ్డి రోజుకు రెండుసార్లు కడగాలి, నీళ్లు, తలుపుకు గడియ, దీపం ఉండాలి. ఇవి లేని పార్కుకు ఆడవాళ్లు రావడం తగ్గుతుంది.

తొమ్మిదో మెట్టు: కార్తెల వరస

మాలికి ఆంగ్ల నెలల పట్టిక కన్నా కార్తెలు బాగా గుర్తుంటాయి. రోహిణి కార్తెకు ముందే రెండడుగుల గుంతలు తవ్వి ఎండనివ్వాలి. పైమట్టి ఒకవైపు, అడుగు మట్టి ఇంకోవైపు వేయాలి. మృగశిర వానలకు పైమట్టిలో 10 కిలోల పశువుల ఎరువు, పావుకిలో వేపపిండి కలిపి నింపి, ఆరుద్రకల్లా ఐదారడుగుల మొక్కలు నాటడం పూర్తిచేయండి. పాలిథీన్ కవరు కోసి తీసేయాలి, అలాగే పాతిపెడితే వేరు చుట్టుకుపోతుంది. కర్రకు ఎనిమిది ఆకారంలో వదులుగా కట్టండి. శ్రావణ, భాద్రపదాల్లో కలుపు, పాచి, దోమలే పని. దసరా తర్వాత చలికాలపు పూలు, హెడ్జీ కత్తిరింపు. సంక్రాంతి దాటాక ఇనుప సామాను గీకి రెడాక్సైడ్, దానిపై ఎనామిల్ వేయండి. తేమ లేని ఆ రోజుల్లో వేసిన పెయింటు నిలుస్తుంది.

పదో మెట్టు: మనుషులు, కాంట్రాక్టు

పచ్చిక ఉన్న ఎకరానికి పూర్తికాలం మాలి ఒకరు, పూట పనికి ఊడ్చేవారు ఒకరు, కాపలాదారు ఒకరు ఉండాలి. మాలికి జీతం మూడు నెలలు ఆగితే మొదట ఆగేది నీళ్లు. తెలంగాణలో 2019 మున్సిపాలిటీల చట్టం పట్టణ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించమంటోంది. మొక్కలు నాటడానికే కాక నిర్వహణకు ఇందులో ఎంత పెట్టారని వార్డు కౌన్సిలరును అడగండి.

టెండరులో నాటడం ఒకటి, నిర్వహణ ఒకటిగా విడదీయకండి. నాటినవాడే మూడేళ్లు చూసుకోవాలి. బిల్లులో 40 శాతం నాటాక, మిగతాది మూడు వేసవులు దాటాక బతికిన మొక్కల లెక్కన విడతలుగా ఇవ్వండి. ఆర్‌సీసీబీ బటన్, ఊయల గొలుసు, బోరు పరీక్షల తేదీలు రిజిస్టరులో లేకపోతే ఆ నెల బిల్లు ఆపే షరతు రాయండి. గొలుసులు, కొక్కేలు, బేరింగులు, రబ్బరు అడ్డాలు, దీపాల మూతలు, ఒక ఆర్‌సీసీబీ ఎప్పుడూ మాలి గదిలో నిల్వ ఉండాలి, వీటి కోసం ప్రతిసారీ కొటేషన్లు పిలిస్తే రూ. 300 కొక్కెం కోసం ఊయల రెండు నెలలు మూతపడుతుంది.